విండోస్ 11 మీద కూడా నా స్క్రిప్ట్ 10 అనే చెప్తోంది, ఎందుకు?

ల్యాబ్_కిట్టు

అందరికీ నమస్తే. మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో మొత్తం 38 సిస్టమ్స్. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కదా, అందుకని ఏవి ఇంకా 10 మీదే ఉన్నాయో, ఏవి 11కి మారాయో లిస్ట్ ఇమ్మని హెచ్‌ఓడీ మేడమ్ అడిగారు. ఒక్కోదాని ముందు కూర్చుని సెట్టింగ్స్ తెరిచే ఓపిక లేక పైథాన్‌లో నాలుగు లైన్ల స్క్రిప్ట్ రాసి, పెన్‌డ్రైవ్‌లో ఎప్పటిదో పైథాన్ 3.8 ఉంటే దానితోనే అన్నిట్లో రన్ చేశా. ప్లాట్‌ఫామ్.రిలీజ్ (ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, వెర్షన్ చెప్పే పైథాన్ ఫంక్షన్) ఏమంటే అది ఫైల్‌లో రాసుకోవడం, అంతే.

తీరా చూస్తే 36 మిషన్లు "10" అన్నాయి. స్టార్ట్ బటన్ మధ్యలో కనిపిస్తున్నవి, అంటే 11 ఉన్నవి కూడా! స్టాఫ్ రూమ్‌లో ఉన్న మ్యాక్ "23 పాయింట్ ఏదో" అంది, అదేంటో ఆ దేవుడికే తెలియాలి. స్టోర్ రూమ్‌లోది ఇంకా చూడలేదు, తాళం అటెండర్ దగ్గరుంది. పైథాన్‌దే తప్పేమో అని రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) ప్రొడక్ట్‌నేమ్ చూశా, 11 ఉన్న మిషన్‌లో కూడా "విండోస్ 10 ప్రో". బ్రౌజర్ యూజర్ ఏజెంట్ (వెబ్‌సైట్లకి బ్రౌజర్ తన గురించి చెప్పుకునే లైన్) చూశా, "విండోస్ ఎన్‌టీ 10.0". మూడు చోట్లా కూడబలుక్కున్నట్టు ఒకటే మాట. అసలు ప్రోగ్రామ్‌కి తను ఏ ఓఎస్ మీద నడుస్తోందో ఎలా తెలుస్తుంది? రేపు లిస్ట్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

పాత_పెంటియం

కిట్టూ, ప్రోగ్రామ్ తనంతట తాను ఏమీ కనిపెట్టదు, ఓఎస్‌నే అడుగుతుంది. "నువ్వెవరు" అని ఇది అడిగితే అది ఏ నంబర్ చెప్తే అదే నిజమనుకుంటుంది. ఇక్కడ అది చెప్పిన నంబర్ నిజమే, దాన్ని చదవడం దగ్గరే తేడా వచ్చింది. విండోస్ 11 లోపలి నంబర్ కూడా 10.0నే. మార్చలేదు. నీకు కావాల్సింది బిల్డ్ నంబర్ (వెర్షన్ నంబర్ తర్వాత వచ్చే ఇంకో లోపలి నంబర్), 10.0 అనే మిషన్లలో అది 22000 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 11, తక్కువైతే 10. కొత్త పైథాన్‌లో ఈ లెక్క వాళ్లే వేసి 11 అని ఇస్తారు, నీ 3.8 అంతకుముందుది కాబట్టి 10 దగ్గరే ఆగిపోయింది. సిస్.గెట్‌విండోస్‌వెర్షన్ పిలిచి అందులో బిల్డ్ తీసుకో, పని అయిపోతుంది. రిజిస్ట్రీలో అయితే ప్రొడక్ట్‌నేమ్‌ని అస్సలు నమ్మకు, దాని పక్కనే కరెంట్‌బిల్డ్‌నంబర్ ఉంటుంది, అది చూడు.

ఎందుకు మార్చలేదంటే, తప్పు మనలాంటి వాళ్లదే. ఎక్స్‌పీ నంబర్ 5.1. అప్పట్లో చాలామంది "మొదటి అంకె 5 కానీ ఎక్కువ కానీ ఉండాలి, రెండోది 1 కానీ ఎక్కువ కానీ ఉండాలి" అని విడివిడిగా చెక్ రాసేశారు. విస్టా 6.0గా వచ్చింది. మొదటి అంకె పాస్, రెండోది సున్నా కాబట్టి ఫెయిల్, "మీ విండోస్ పాతది, ఎక్స్‌పీ పెట్టుకోండి" అని మెసేజ్! అందుకే విండోస్ 7 పేరులో 7 ఉన్నా లోపల 6.1 అనే పెట్టారు. 8.1 నుంచి ఇంకో మెట్టు ఎక్కారు: గెట్‌వెర్షన్‌ఎక్స్ అనే పాత ఫంక్షన్‌తో అడిగితే, నీ ప్రోగ్రామ్ మ్యానిఫెస్ట్‌లో (ప్రోగ్రామ్ తన వివరాలు విండోస్‌కి చెప్పే చిన్న ఫైల్) "నాకు 8.1 తెలుసు, 10 తెలుసు" అని రాసి ఉంటేనే అసలు నంబర్ ఇస్తుంది, లేదంటే 6.2 అని, అంటే విండోస్ 8 అని చెప్పి పంపించేస్తుంది. పైథాన్‌కి ఆ మ్యానిఫెస్ట్ ఉంది కాబట్టి నీకు ఆ గొడవ లేదు.

ట్యాబ్‌లు_ఎక్కువ

బ్రౌజర్ సంగతి నేను చెప్తా, రోజూ ఇదే నా తలనొప్పి. యూజర్ ఏజెంట్‌ని చూసి ఓఎస్ వెర్షన్ చెప్పే రోజులు పోయాయి. విండోస్ 11 అయినా ఎన్‌టీ 10.0 అనే ఉంటుంది. మ్యాక్ ఇంకా ఘోరం, ఆపిల్ సొంత చిప్ ఉన్న మిషన్ కూడా "ఇంటెల్ మ్యాక్ ఓఎస్ 10.15.7" అంటుంది. 2019లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 13 నుంచి ఐప్యాడ్ కూడా సఫారీలో తనని తాను మ్యాక్ అనే చెప్పుకుంటోంది, టచ్ పాయింట్లు ఎన్నో అడిగి పట్టుకోవాలి. క్రోమ్, ఎడ్జ్‌లలో క్లయింట్ హింట్స్ (వెబ్‌సైట్ అడిగితే బ్రౌజర్ విడిగా ఇచ్చే వివరాలు) ద్వారా ప్లాట్‌ఫామ్ వెర్షన్ అడగొచ్చు, 13 కానీ ఆ పైన కానీ వస్తే అది విండోస్ 11. (13 ఎందుకు, 11 అనొచ్చుగా అని నన్ను అడక్కండి.) ఫైర్‌ఫాక్స్, సఫారీలు ఇవ్వవు. కాబట్టి నీ లిస్ట్ పనికి బ్రౌజర్ వద్దు.

ల్యాబ్_కిట్టు

పెంటియం గారూ, మీరు చెప్పిన బిల్డ్ పద్ధతి సూపర్! 22 మిషన్లు 19045 అన్నాయి, అంటే 10. మిగతా 14 అన్నీ 22000 పైనే. చేతులెత్తి దండం.

కానీ మ్యాక్‌లో ఇప్పుడు ఎర్రర్. "గెట్‌విండోస్‌వెర్షన్ అనేది లేదు" అంటోంది. విండోస్ అయితేనే అది పిలవమని ముందే చెక్ పెట్టా కదా, సిస్.ప్లాట్‌ఫామ్ ఇచ్చే పేరులో "విన్" ఉందా అని చూస్తున్నా. మ్యాక్ దగ్గరికి వెళ్లి అది విండోస్ అనుకోవడం ఏంటి?

టెర్మినల్_పిచ్చి

హహహ. బ్రో, మ్యాక్‌లో ఆ పేరు ఏమొస్తుందో ఒకసారి ప్రింట్ చేసి గట్టిగా చదువు. "డార్విన్". చివర్లో ఏముంది? విన్! ఈ గుంటలో పడని వాడు లేడు, నేను రెండుసార్లు పడ్డా. "పేరులో విన్ ఉందా" కాదు, "విన్‌తో మొదలవుతోందా" అని చూడు. 64 బిట్ మిషన్ అయినా "విన్32" అనే వస్తుంది, దానికి కంగారు పడకు, పాత పేరు అలా ఉండిపోయింది.

నీకు ముందు వచ్చిన 23 కూడా ఇదే బాపతు. అది డార్విన్ కెర్నల్ (ఓఎస్ లోపలి గుండెకాయ) నంబర్, మ్యాక్‌ఓఎస్ నంబర్ కాదు. డార్విన్ 23 అంటే మ్యాక్‌ఓఎస్ 14. ప్లాట్‌ఫామ్.మ్యాక్_వెర్ అని ఉంది, అది అడిగితే సరైన నంబర్ ఇస్తుంది.

లైనక్స్‌లోనూ ఇంతే, యూనేమ్ అనే కమాండ్ కెర్నల్ సంగతి చెప్తుంది గానీ ఉబుంటునా ఫెడోరానా చెప్పదు. దానికి ఈటీసీ ఫోల్డర్‌లో ఓఎస్-రిలీజ్ అనే ఫైల్ చదవాలి. డాకర్‌లో (ప్రోగ్రామ్‌లని కంటైనర్లనే విడి డబ్బాల్లో నడిపే టూల్) అయితే తమాషా, ఒకే కంటైనర్‌లో యూనేమ్ బయటి మిషన్ కెర్నల్ చూపిస్తుంది, ఆ ఫైల్ మాత్రం లోపలి డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ రకం) పేరు చెప్తుంది. రెండూ నిజాలే.

పాత_పెంటియం

ఒక్క మాట. నీ పని లిస్ట్ కాబట్టి వెర్షన్ అడగడం కరెక్టే. కానీ రేపు ప్రాజెక్టులో "11 అయితేనే ఈ ఫీచర్" అని రాయకు. ఆ ఫంక్షన్ ఉందో లేదో నేరుగా చూసుకుని, ఉంటే వాడుకో. విస్టా రోజుల్లో అలా రాసినవాళ్ల ప్రోగ్రామ్‌లు ఆగలేదు.

ల్యాబ్_కిట్టు

మ్యాక్ కూడా అయిపోయింది, థాంక్స్ బ్రో. "డార్విన్" అని చదివి నేనే నవ్వుకున్నా. అటెండర్ తాళం ఇచ్చాడు, స్టోర్ రూమ్ మిషన్ మీద దుమ్ము దులిపి రన్ చేశా. 7601 అంది. 19 కాదు, 22 కాదు, ఇదేంటి?

పాత_పెంటియం

విండోస్ 7, సర్వీస్ ప్యాక్ 1. నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది 3.8 కాబట్టి సరిపోయింది, 3.9 అయితే దాని మీద ఎక్కేదే కాదు. లిస్ట్‌లో దాన్ని అన్నిటికన్నా పైన రాయి, ముందు నెట్ కేబుల్ పీకు.