అప్‌డేట్: తుప్పు పట్టిన 12 బోర్ తూటాల సంగతి

నాన్నగారి లైసెన్స్ తుపాకీ తూటాల అడుగు భాగానికి తుప్పు పట్టింది, వాడొచ్చా అని అడిగాను కదా. ఓపిగ్గా జవాబు చెప్పిన అందరికీ థాంక్స్. తుపాకులు బాగుచేసే ఆయనకి పెట్టె మొత్తం చూపించాను.

చూడ్డానికి ఇత్తడిలా ఉన్నా, వీటి అడుగున ఉన్నది ఇత్తడి పూత వేసిన ఇనుమేనట. పూత గీసుకుపోయిన చోట తేమ తగిలి తుప్పు మొదలవుతుంది. ఆయన ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూశారు. పొడి గుడ్డతో తుడిస్తే పోయేది పైపై మరక, దాంతో పెద్ద ఇబ్బంది లేదు. గోరు పెడితే గుంట తగిలినా, అంచు తినేసినా, ప్రైమర్ (తూటా అడుగు మధ్యలో, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న బిళ్ల) చుట్టూ తుప్పున్నా, తూటా గొట్టం ఉబ్బినా పక్కన పెట్టేయాల్సిందే. ఉబ్బింది ఛాంబర్‌లో (తుపాకీలో తూటా కూర్చునే చోట) ఇరుక్కుంటుంది కూడా.

తూటాలకి నూనె రాయమని వచ్చిన సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించకండి. సన్నటి నూనె ప్రైమర్‌లోకి దిగితే తూటా పేలకపోవచ్చు, లేదా లోపలి మందు సరిగ్గా అంటుకోక, తూటాలోంచి బయటికెళ్లాల్సింది బ్యారెల్ (తుపాకీ గొట్టం) సగంలోనే ఆగిపోవచ్చు. అలా అడ్డం పడింది చూడకుండా రెండో తూటా కాలిస్తే బ్యారెల్ పగిలిపోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు.

పనికిరానివి చెత్తలో పడేయకుండా ఆయన ద్వారానే అప్పగించాం. మిగిలినవి రబ్బరు అంచున్న ఇనప డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ వేసి, నేలకి తగలకుండా అలమరలో తాళం వేసి పెట్టాం. తోలు బెల్టులో ఉన్నవీ తీసేశాం, తోలు వల్లే వాటికి చిలుము పట్టింది.