ఆటిజం: లోపమా, లోకాన్ని చూసే మరో తీరా?

తొలకరి: ఆటిజం ఉన్నవారికి ఎదుటివారి మనసు తెలియదని ఒకచోట చదివాను. అది లోపం కాదు, మరో తీరు అని ఇంకొకచోట. ఏది నిజం?

లెక్కల మాస్టారు: చర్చ ఎందుకు? 1985లో బారన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించారు. సాలీ అనే బొమ్మ గోళీని బుట్టలో పెట్టి వెళ్తుంది. ఆన్ అనే బొమ్మ దాన్ని పెట్టెలోకి మారుస్తుంది. తిరిగి వచ్చిన సాలీ ఎక్కడ వెతుకుతుంది? ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది గోళీ నిజంగా ఉన్నచోటునే చూపించారు. సాలీకి ఆ సంగతి తెలియదని వాళ్లకు తట్టలేదు.

ఒంటిచెట్టు: నాకు ఆటిజం ఉందని 31వ ఏట తేలింది. నివేదిక ఎలా ఉందని మా పైఅధికారి అడిగితే, మూడో పేజీ అంతా తప్పని చెప్పాను. తప్పే మరి. ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఆయన మెప్పు కోరుతున్నారని నాకు తెలియలేదు, సరే. నేను సాయం చేస్తున్నానని ఆయనకు తెలిసిందా? తానూ ఆటిజం ఉన్నవాడైన పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో చెప్పింది ఇదే: అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంది.

లెక్కల మాస్టారు: బుట్ట గురించి అడిగితే ఆఫీసు గొడవ చెబుతారేమిటి? 20లో 16 అవునా, కాదా?

పిల్లిమొగ్గ: ఆ బుట్టను వదలండి మాస్టారూ.

ఒంటిచెట్టు: అవును. ఆటిజం లేని పిల్లల్లో 27కి 23 మంది సరిగ్గా చెప్పారు, అదీ రాయండి. ఆటిజం ఉండీ సరిగ్గా చెప్పిన ఆ నలుగురినీ మరచిపోకండి. అయినా నా రోజు గడిచేది గోళీలతో కాదు. ట్యూబ్‌లైటు గుయ్‌మంటుంది. మీ చెవి దాన్ని వడగట్టేస్తుంది, నాది వడగట్టదు. గదిలోకి వెళ్తే నాకు ముందు గొళ్లెం, గోడ మీది పగులు, వంకరగా వేలాడే పటం కనిపిస్తాయి. గది ఆఖరున వస్తుంది.

సంధ్యాదీపం: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. మాటలు లేవు. శబ్దం ఎక్కువైతే గోడకు తల బాదుకుంటాడు. మీరు ‘మరో తీరు’ అని అందంగా రాస్తే, తీరే కదా, సాయం ఎందుకని రేపు అడుగుతారు. మీకు రాయడం వచ్చు. వాడి తరఫున మాట్లాడకండి.

ఒంటిచెట్టు: మీరు మాత్రం మాట్లాడవచ్చా?

లెక్కల మాస్టారు: ఆమె తల్లి! క్షమాపణ చెప్పండి.

ఒంటిచెట్టు: మాట తూలాను, క్షమించండమ్మా. అయిదో తరగతి దాకా నేనూ తల బాదుకున్నాను. శబ్దం సూదిలా దిగేది. తీరు అన్నాను గానీ నొప్పి లేదనలేదు. సాయం అక్కరలేదనీ అనలేదు.

సంధ్యాదీపం: నాతో ఎవరూ నొప్పి అనలేదు, మొండితనం అన్నారు. వాడు తల బాదుకునే గోడ మీదే ట్యూబ్‌లైటు ఉంది. ఈ రాత్రి ఆపి చూస్తాను. లోపం కాదంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

లెక్కల మాస్టారు: 27లో 23 సరిచూశాను. సరిగ్గానే ఉంది.