సముద్రపు గాలికి డైమండ్ కట్ అల్లాయ్స్ పాడయ్యాయి: మళ్లీ కట్ చేయించాలా, రంగు మార్చాలా?

సాగర్‌నగర్_కారు

అందరికీ నమస్కారం. మేముండేది విశాఖ సాగర్‌నగర్‌లో. కారు రాత్రీ పగలూ ఆరుబయటే ఉంటుంది. చక్రాలు 16 అంగుళాల డైమండ్ కట్ అల్లాయ్స్ (ముందువైపు చెక్కి మెరిసేలా చేసిన అల్యూమినియం చక్రాలు), ఆ మెరుపు చూసే మా ఆవిడ ఈ మోడల్ ఎంచుకుంది. ఇప్పుడు నాలుగు చక్రాల మీదా క్లియర్ కోట్ (పైన ఉండే రంగులేని పొర) కింద తెల్లగా, సన్నటి పురుగులు పాకినట్టు గీతలు వచ్చాయి. గోరుతో గీస్తే పైపొర పెచ్చులుగా లేస్తోంది. ఎడమవైపు ముందు చక్రం అంచు పేవ్‌మెంటుకి రాసుకుని గరుకుగా తయారైంది.

ఒకాయన లేత్ మీద మళ్లీ కట్ చేస్తే సరిపోతుందన్నాడు. ఇంకొకాయన స్ప్రే పెయింట్ చాలు, సాయంత్రానికల్లా ఇచ్చేస్తానన్నాడు. మా తమ్ముడేమో పౌడర్ కోటింగే గట్టిదంటున్నాడు. రంగు మీద ఇంట్లో ఇంకా తేలలేదు. నాకు గన్‌మెటల్ (ముదురు బూడిద రంగు) ఇష్టం, పిల్లలకి నిగనిగలాడే నలుపు కావాలి. కారు తెలుపు. ఇంకో ఐదారేళ్లు ఉంచుకుంటాం. ఏది చేయించమంటారు?

ఆటోనగర్_కోటింగ్

సాగర్‌నగర్ గారూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో పౌడర్ కోటింగ్ పని చేస్తాను. గేట్లు, గ్రిల్స్‌తో మొదలుపెట్టాను, ఇప్పుడు ఎక్కువగా చక్రాలే వస్తాయి. నా పని కాబట్టి అదే చేయించమంటున్నాననుకోకండి. కారణాలు చెప్తాను, మీరే చూసుకోండి.

డైమండ్ కట్‌లో మెరిసేది రంగు కాదు, ఉత్త అల్యూమినియం. లేత్ మీద పైపొర చెక్కి, దాని మీద నేరుగా క్లియర్ కోట్ కొడతారు. ఆ చెక్కిన భాగంలో కింద ప్రైమర్ ఉండదు, రంగూ ఉండదు. చిన్న రాయి తగిలి ఆ పొర చిట్లితే చాలు, ఉప్పు తేమ లోపలికి దూరుతుంది. అక్కణ్నుంచి పొర కిందే పాక్కుంటూ పోతుంది. మీరు చూస్తున్న తెల్ల గీతలు అవే. పైనుంచి ఎంత పాలిష్ చేసినా పోవు.

మళ్లీ కట్ చేయించవచ్చు. చేతనైనవాళ్లు చేస్తే చూడటానికి చాలా బాగుంటుంది. కానీ చేసిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది, కాబట్టి ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు కుదరదు. పైగా చేశాక మళ్లీ అదే ఉత్త అల్యూమినియం, అదే క్లియర్ కోట్, అదే సముద్రపు గాలి. హైదరాబాద్‌లో సెల్లార్ పార్కింగ్ ఉన్నవాళ్లకైతే నేనే కట్ చేయించుకోమంటాను. మీకు మాత్రం చెప్పలేను.

పౌడర్ కోటింగ్ అంటే, పొడికి కరెంటు ఛార్జ్ ఇచ్చి చక్రానికి పట్టించి, ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కరిగించి గట్టిపరచడం. చక్రం మొత్తం ఒకే పొర కింద మూసుకుపోతుంది. అయితే పని నిలిచేదీ చెడేదీ పౌడర్ కొట్టడానికి ముందే. పాత క్లియర్ కోట్, రంగు పూర్తిగా కెమికల్‌తో తీసేయాలి, తర్వాత సన్నటి గ్రిట్‌తో బ్లాస్టింగ్ చేయాలి, అంటే గరుకు రేణువుల్ని గాలితో వేగంగా కొట్టి శుభ్రం చేయాలి. తెల్ల మచ్చ ఒక్కటి మిగిలినా పైన ఎంత ఖరీదైన పౌడర్ వేసినా దండగే.

ఆ తర్వాత చాలాచోట్ల వదిలేసే పని ఒకటుంది. పౌడర్ వేయకముందు ఉత్త చక్రాన్ని ఒకసారి ఓవెన్‌లో పెట్టి వేడి చేయాలి. పోత పోసిన అల్యూమినియంలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి. వాటిలో గాలి, జిడ్డు, కెమికల్ తడి ఉండిపోతాయి. వాటిని ముందే బయటికి పంపకపోతే పౌడర్ కరుగుతున్నప్పుడు బుడగలై పైకొచ్చి, సూదిమొనంత చుక్కలు మిగులుస్తాయి. చక్రాలు తీసుకునేటప్పుడు ఎండలోకి తెచ్చి ఏటవాలుగా పట్టుకుని చూడండి. చుక్కలు కనిపిస్తే తీసుకోకండి. ఉప్పు మళ్లీ వాటిలోంచే దిగుతుంది.

వేడి సంగతి కూడా అడగండి. అల్లాయ్ చక్రాలకి ఫ్యాక్టరీలోనే హీట్ ట్రీట్‌మెంట్ చేసి బలం ఇస్తారు. 200 దాటించి గంటల తరబడి ఓవెన్‌లో ఉంచితే ఆ బలం తగ్గిపోతుంది. ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు అని అడిగితే తడుముకునే చోట ఇవ్వకండి.

ఇంకొకటి ప్రాణాలకి సంబంధించింది. నట్టు లేదా బోల్టు కూర్చునే చోటు, హబ్‌కి (కారుకి చక్రం బిగించే భాగానికి) ఆనుకునే వెనక భాగం, ఈ రెండూ మాస్కింగ్ చేయాలి, అంటే పౌడర్ పడకుండా మూసేయాలి. అక్కడ పౌడర్ మందంగా ఉంటే అది నలిగి బిగువు వదులైపోతుంది. చక్రాలు ఎక్కించాక కారు మాన్యువల్‌లో ఉన్న లెక్కకి టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) బిగించమనండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చెక్ చేయించండి. బ్యాలెన్సింగ్ ఎలాగూ కొత్తగా చేయాల్సిందే.

రంగుకి నా ఓటు గన్‌మెటల్‌కే. నిగనిగలాడే నలుపు మీద దుమ్ము, బ్రేక్ డస్ట్, గుడ్డతో తుడిచిన గీతలు అన్నీ కనిపిస్తాయి. పిల్లలు మరీ పట్టుబడితే మధ్యలో ఉండే సెంటర్ క్యాప్‌లకి నలుపు వేయించండి, తెల్ల కారుకి బాగుంటుంది.

కూకట్‌పల్లి_డ్రైవ్

అన్నా, పౌడర్ గట్టిదే, ఒప్పుకుంటా. కానీ గీత పడితే దాన్ని అక్కడికక్కడ కలపడం కష్టం, చక్రం మొత్తం మళ్లీ చేయాల్సి వస్తుంది. మా గల్లీలో మలుపు ఇరుకు, అంచులు తరచూ తగులుతాయి. అందుకే నేను ఎపాక్సీ ప్రైమర్, బేస్ కోట్, పైన టూకే క్లియర్ (గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే క్లియర్ కోట్) కొట్టించాను. దెబ్బ తగిలినచోట మాత్రమే టచప్ చేయిస్తా. సాయంత్రానికల్లా ఇస్తానన్న ఆయన దగ్గరికి మాత్రం పోవద్దు. పాత పొర తీసి, ప్రైమర్ ఆరి, క్లియర్ గట్టిపడటానికి ఆ టైం ఎక్కడ సరిపోతుంది? రంగు తేలకపోతే, చక్రాలు ఇవ్వకముందు ఒకదాని మీద ఒలిచి తీసేసే రబ్బర్ స్ప్రే కొట్టి నాలుగు రోజులు చూడండి.

షికాగో_తెలుగు

మాది తెనాలి, ఇప్పుడు షికాగోలో ఉంటున్నాం. ఇక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, డైమండ్ కట్ చక్రాలకి ఇక్కడా ఇదే గతి. చాలామంది మంచుకాలానికి స్టీలు రిమ్ములు, వింటర్ టైర్లు వేరే సెట్టుగా పెట్టుకుంటారు. మీకు అది అక్కర్లేదు గానీ కడిగే పద్ధతి పనికొస్తుంది. చక్రం ముందువైపే కాదు, లోపలి డొప్పలోకి కూడా నీళ్లు బాగా కొట్టండి. మామూలు కార్ షాంపూ చాలు. యాసిడ్ ఉన్న వీల్ క్లీనర్ జోలికి వెళ్లకండి.

సాగర్‌నగర్_కారు

అందరికీ ధన్యవాదాలు. మా వీధి వెడల్పే, కాబట్టి పౌడర్ కోటింగ్, గన్‌మెటల్ అని తేల్చేశాం. ఆటోనగర్ గారూ, ఇంకో రెండు సందేహాలు. రాసుకున్న అంచుకి పుట్టీ పెట్టి కోటింగ్ చేస్తారా? టైర్లు తీయకుండా చేస్తామంటున్న షాపు ఒకటుంది, పర్వాలేదా?

ఆటోనగర్_కోటింగ్

మామూలు పుట్టీ ఓవెన్ వేడికి ఆగదు. గరుకు పైపైనే ఉంటే ఫైల్‌తో, ఎమరీతో సాఫు చేస్తే చాలు. లోతుగా ఉంటే అల్యూమినియం వెల్డింగ్‌తో నింపి, చెక్కి సమం చేయాలి. అది కూడా బయటి అంచు వరకే. రంగు తీశాక చువ్వ మీదో, చువ్వ మొదట్లోనో పగులు కనిపిస్తే వెల్డింగ్ చేయించకండి, ఆ ఒక్క చక్రం కొత్తది కొనండి. అందుకే బ్లాస్టింగ్ అయ్యాక, పౌడర్ వేయకముందు మీరు వెళ్లి నాలుగు చక్రాలూ ఒకసారి చూసుకోండి.

టైరు ఉండగా ఓవెన్‌లో పెట్టలేరు కదా, అంటే వాళ్లు కొట్టేది స్ప్రే పెయింటే. టైర్లు, వాల్వులు తీయించండి. మీ కారులో టైరు ప్రెషర్ సెన్సర్లు ఉంటే అవి కూడా తీయాలి, ఆ వేడికి తట్టుకోవు. టైర్ షాపులో ముందే చెప్పండి, చూసుకోకుండా పీకితే విరిగిపోతాయి. పాత రబ్బరు వాల్వులు మళ్లీ వాడకుండా కొత్తవి వేయించండి.