పాజిటివ్ వచ్చినవాళ్లు వరంగల్ దాకా వెళ్లడం లేదు

ములుగు జిల్లా తాడ్వాయి వైపు కోయగూడేల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల మీద పరిశోధన చేస్తున్నాను. మేం చేసేది వీఐఏ. ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ యాసిడ్ రాసి, నిమిషం ఆగి చూస్తాం. తెల్లమచ్చ తేలితే పాజిటివ్. 30 నుంచి 65 ఏళ్లవాళ్లకు ఐదేళ్లకోసారి చేయాలని 2016 కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది.

పరీక్షకు బాగానే వస్తున్నారు, ఆశా అక్క పిలిస్తే చాలు. చిక్కంతా తర్వాతే. నవంబర్ నుంచి 14 మందికి పాజిటివ్ వస్తే, కాల్పోస్కోపీకి (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే తర్వాతి పరీక్ష) వరంగల్ వెళ్లింది ముగ్గురే.

బస్సు చార్జీలు ఇచ్చాం. కోయ భాష వచ్చిన అమ్మాయిని ఇంటికి పంపి చెప్పించాం. ఫోన్లు చేశాం (సిగ్నల్ ఉంటే కదా). జనవరిలో మిర్చి ఏరుడు మొదలయ్యాక ఒక్కరూ కదల్లేదు. కూలి పోతుంది మరి, వాళ్లను తప్పుపట్టలేను. "నొప్పే లేదు, దవాఖానకెందుకు?" అని ఒకామె అడిగితే నా దగ్గర సూటి జవాబు లేకపోయింది.

ఇప్పుడు థర్మల్ అబ్లేషన్ యంత్రం (మచ్చ ఉన్నచోట చెడిన కణాలను వేడితో నాశనం చేసేది) ఊళ్లోకే తెచ్చి, అర్హులైనవాళ్లకు పరీక్ష రోజే చికిత్స చేద్దామనుకుంటున్నాం. వీఐఏలో జబ్బు లేకున్నా పాజిటివ్ వచ్చేవాళ్లూ ఉంటారు కాబట్టి కొంత భయంగానే ఉంది. పైగా అప్పటికప్పుడు అడిగితే మొహమాటానికి "సరే" అంటారేమో.

గూడేల్లో ఇలా చేసినవాళ్లు చెప్పండి: చికిత్సకు ఒప్పుకోలు అదే రోజు తీసుకున్నారా, ఇంట్లో మాట్లాడుకోమని కొన్ని రోజులు ఆగారా? ఆగితే ఎంతమంది తిరిగొచ్చారు?