విల్లింగ్ లెటర్ (బదిలీ నా ఇష్టంతోనే అని ఇచ్చే కాగితం) రాసియ్యమంటాండారు, సంతకం పెట్టాలా వద్దా? యూనియన్ వాళ్లనడిగితే ఏమన్నా ఉపయోగముంటుందా?

తుంగభద్ర_చెల్లి (ఆదోని):
అందరికీ నమస్తే. నేను ఆదోని పక్కన ఒక గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నా, 2019 అక్టోబర్ బ్యాచ్. రేషనలైజేషన్ సంగతి, అదే జనాభాను బట్టి సచివాలయాల సిబ్బందిని సర్దడం, మీకందరికీ తెలిసిందే కదా, 2,500 లోపు జనాభా ఉంటే 6 మంది, 3,500 వరకు 7, ఆ పైన 8 అని. మా దాంట్లో 2,500 కూడా లేరు, మేమేమో 9 మందిమి ఉన్నాం. అంటే ముగ్గురు మిగులు అన్నమాట. ఇయ్యాల సాయంత్రం 5 దాటినాక పై ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి, మీరు మిగులులో ఉన్నారు, రేపు 11 లోపల ఒక లెటర్ రాసియ్యండి, లేకపోతే యాడికి వేస్తారో మాకు తెలీదు అన్నారు. ఫార్మాట్ వాట్సాప్‌లో పంపినారు. దానికి నంబర్ లేదు, తేదీ లేదు, కింద ఎవరి సంతకమూ లేదు. "నా వ్యక్తిగత కారణాల వలన, నా ఇష్టపూర్వకంగా బదిలీ కోరుచున్నాను" అని ఉంది, అంతే.

మా ఆయన గుత్తిలో టీచర్. ఎట్లాగూ మనకు కావల్సింది అనంతపురం జిల్లానే కదా, రాసిచ్చెయ్, వాళ్లే అడుగుతుంటే ఇంకేం కావాలి అంటాడు. నాకూ ఆశగానే ఉంది, పాప చిన్నది, రోజూ రైలుకి తిరగలేక చస్తున్నాం. కానీ ఆ "ఇష్టపూర్వకంగా" అనే మాట దగ్గర చెయ్యి ఆగిపోతాంది. నేనడగకుండా వాళ్లే అడిగి, మళ్లా నా ఇష్టం అని రాయమనడం ఏంది? ఒక గ్రూపులో ఇది రాయకపోతే వేరే డిపార్ట్‌మెంట్‌కి పంపుతారని, ఇంకో గ్రూపులో రాస్తే సీనియారిటీ పోతుందని, మూడో గ్రూపులో అసలు ఇదంతా ఆగిపోయిందని. అసలు జీఓ ఎవరూ చూపించట్లేదు.

ఇంకోటి, మార్చిలో యూనియన్ వాళ్లొచ్చి మెంబర్‌షిప్ 300 అడిగితే నేను కట్టలేదు. ఇప్పుడు పనిబడినాక పోయి అడగాలంటే మొహం చెల్లట్లేదు. యూనియన్‌లో చేరితే పై సార్లు మనసులో పెట్టుకుంటారని కూడా కొందరంటారు, నిజమేనా? తెలిసినవాళ్లు తొందరగా చెప్పండి ప్లీజ్, రేపు 11 కి టైమ్.

పాత_ట్రెజరీ_మనిషి (అనంతపురం):
అమ్మా, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు. మిగతాది నిదానంగా చెప్తా. నేను 30 ఏండ్లకు పైన ట్రెజరీలో చేసినా, సంఘంలో జిల్లా బాధ్యత కూడా మోసినా, ఇట్లాంటి కాగితాలు ఎన్ని చూసినానో.

ప్రభుత్వం తన అవసరం కోసం నిన్ను కదిలిస్తే అది పరిపాలనా కారణాల మీద బదిలీ. నువ్వడిగితే రిక్వెస్ట్ బదిలీ. పైకి రెండూ ఒకటే మాదిరి ఉంటాయి, అదే రిలీవింగ్ ఆర్డర్, అదే జాయినింగ్ రిపోర్ట్, అదే ఎల్‌పీసీ (ఆఖరి జీతం సర్టిఫికెట్). కానీ రిక్వెస్ట్ అని పడితే టీటీఏ, అంటే బదిలీ ప్రయాణ భత్యం, రాదు, సామాను మోసే ఖర్చంతా నీ నెత్తినే. అది చిన్న నష్టం, పోతే పోయింది అనుకో. పెద్దది సీనియారిటీ. నీ పోస్టు జిల్లా కేడర్, అంటే సీనియారిటీ లెక్కంతా జిల్లా వరకే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, అంటే రాజ్యాంగం 371-డి అధికరణ కింద వచ్చిందే, జిల్లా ఒక లోకల్ కేడర్. నువ్వు నీ కోరిక మీద కర్నూలు కేడర్ నుంచి అనంతపురం కేడర్‌కి పోతే అక్కడ సీనియారిటీ లిస్టులో ఆఖరి ర్యాంకు నీది. నువ్వు 2019లో చేరినా సరే, అక్కడ నీకంటే తర్వాత చేరినోళ్లు కూడా నీ పైనే ఉంటారు.

2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు కూడా జనం ఇట్లనే భయపడినారు. నంద్యాలకి, పుట్టపర్తికి, రాయచోటికి పంపినోళ్లంతా మా సీనియారిటీ గతేంటని మా దగ్గరికి పరిగెత్తుకుని వచ్చినారు. అప్పుడు పంపింది ఆర్డర్ టు సర్వ్ కింద, అంటే పని మాత్రమే అక్కడ, కేడర్ పాత ఉమ్మడి జిల్లాదే, మీ కోరిక మీద పోవట్లేదు కాబట్టి మీ ర్యాంకు మీకే ఉంటుంది అని ఒక్కొక్కరికి కూచోబెట్టి చెప్పినాం. ఎన్జీవో హోంలో, అదే ఉద్యోగ సంఘం భవనంలో, మూడు సాయంత్రాలు అదే పని. ఒక అటెండర్ అయితే ఆ ఆర్డర్‌లో తన పేరున్న వరస మీద వేలు పెట్టి నాతో మూడుసార్లు చదివించుకున్నాడు, చదివించుకుని మడిచి జేబులో పెట్టుకుని పోయినాడు.

నువ్వు అనంతపురం పోవాలనుకోవడంలో తప్పేం లేదు, పాప ఉంది, భర్త అక్కడున్నాడు. స్పౌజ్ కింద, అంటే భార్యాభర్తలు ఒకచోట ఉండేదానికి, అడుక్కునే దారి ఉంది, గైడ్‌లైన్స్ వచ్చినప్పుడు దానికి ప్రాధాన్యం ఇస్తారు. కానీ అది నువ్వు లెక్క చూసుకుని, ర్యాంకు పోయినా పర్వాలేదనుకుని, నీ అంతట నువ్వు పెట్టుకోవాల్సిన దరఖాస్తు. ఎవరో సాయంత్రం ఫోన్ చేసి రాయమంటే రాసేది కాదు.

ఇంగ యూనియన్‌లో చేరితే ఏమన్నా అవుతుందా అంటావా, సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలోనే ఉంది. గుర్తింపు ఉన్న ఉద్యోగ సంఘంలో మెంబరైతే ఏ కాండక్ట్ రూలూ అడ్డం రాదు. 300 కట్టలేదని మొహమాటపడొద్దు, పొయ్యి అడుగు, కట్టినోళ్లకే చెప్తాం అనే సంఘం సంఘమే కాదు.

మైదుకూరోడు (కడప జిల్లా):
పై సార్ చెప్పింది అక్షరాలా నిజం, నా జీవితంలోనే జరిగింది కాబట్టి రాస్తున్నా. నేను జూనియర్ అసిస్టెంట్‌గా కర్నూలు జిల్లాలో చేరినా, అమ్మకి ఆరోగ్యం బాలేక కడప జిల్లాకి రావాల్సొచ్చింది. ఆఫీసులో ఒకరు డ్రాఫ్ట్ రాసిచ్చినారు, నేను చదవను కూడా చదవలేదు, సంతోషంలో సంతకం పెట్టేసినా. అందులో "ఆఖరి ర్యాంకుకు అంగీకరిస్తున్నాను" అనే లైన్ ఉందని నాకు తెలిసింది ఆరేండ్ల తర్వాత. సీనియర్ అసిస్టెంట్ ప్రమోషన్ల ప్యానెల్ వచ్చింది, నా పేరు లేదు. నాకంటే తర్వాత సర్వీసులోకి వచ్చిన పిల్లోడు, నేను పని నేర్పించినోడు, నా ముందర ప్రమోషన్ ఆర్డర్ తీసుకుని స్వీట్ బాక్స్ పట్టుకొచ్చినాడు. వాడి తప్పేం లేదు. ఆ రోజు ఇంటికి పోయి యూనియన్ డైరీ తీసి చూసినా, ప్రతి ఏడాదీ ఇస్తారే, సెలవుల రూల్స్, డీఏ టేబుల్స్ ఉంటాయే, అది. ఇంటర్ డిస్ట్రిక్ట్ ట్రాన్స్‌ఫర్ అని ఒక పేజీ, అందులో అంతా ఉంది. ఆరేండ్లుగా ఆ డైరీలో పాల లెక్క రాసుకుంటున్నా గానీ ఆ పేజీ తిప్పలేదు.

అమ్మ కోసం వచ్చినా కాబట్టి తెలిసినా వచ్చేవాణ్ణేమో. కానీ తెలిసి రావడం వేరు కదా. చెల్లీ, నువ్వు తెలుసుకుని రా.

గుంతకల్_జంక్షన్:
అందరూ యూనియన్ యూనియన్ అంటున్నారు, నాకు మాత్రం కోపం ఉంది, చెప్పేస్తా. మా మండలంలో చందా ఏటా కడుతున్నాం, గ్రూపులో వచ్చేవన్నీ కొత్త ఆఫీసర్‌కి బొకే ఇచ్చే ఫోటోలు, పుట్టినరోజు శుభాకాంక్షలు. రేషనలైజేషన్ గురించి మాకు ముందు పేపర్లో తెలిసింది, తర్వాత పక్కూరోళ్లు చెప్పినారు, ఆఖరికి యూనియన్ నాయకుడు చెప్పినాడు. అప్పటికి ముగ్గురు ఇట్లాంటి లెటర్లే రాసిచ్చేసినారు. వాళ్లలో ఒకామె ఏడుస్తా తిరిగింది నెల రోజులు. నేను యూనియన్ వద్దనట్లేదు, చందా ఈ ఏడాది కూడా కడతా, కానీ మాకు కావల్సింది నాయకుడి ఫోటో కాదు, జీఓ వచ్చిన రోజు సాయంత్రానికి అందులో ఏముందో తెలుగులో నాలుగు ముక్కలు. అంతకుమించి అడగట్లేదు.

ప్రొద్దుటూరు_అక్క:
గుంతకల్ తమ్ముడూ, నువ్వన్నది పూర్తిగా ఒప్పుకుంటా. నేను మా మండల శాఖలో బాధ్యురాలిని, ఆ కోపం మా వాళ్లు నా మొహం మీదే అన్నారు ఒకసారి, అన్నందుకే మేం మారినాం. ఇప్పుడు మా పద్ధతేంటంటే ఏ ఆర్డర్ వచ్చినా ముందు పీడీఎఫ్ పెడతాం, అది లేకుండా ఏ వార్తా ఫార్వర్డ్ చెయ్యం. తర్వాత ఇద్దరం కూచుని చదివి, వాయిస్ మెసేజ్ పెడతాం, మూడు నిమిషాల్లోపు, ఇంగ్లీషు పదాలకి అర్థం చెప్తా. ఫీల్డ్‌లో ఉండే ఏఎన్ఎంలు, లైన్‌మెన్లు చదవరు, బండి మీద పోతా వింటారు. రెండో శనివారం ఆఫీసు మెట్ల మీద కూచుంటాం, ఎవరి కాగితం వాళ్లు తెస్తారు.

అప్పట్లో ఇంకా కష్టంగా ఉండె. 2021 ఆగస్టు నుంచి జీఓలు వెబ్‌సైట్లో పెట్టడమే ఆపేసినారు కదా, మళ్లా 2024 ఆగస్టులో మొదలుపెట్టినారు. ఆ మూడేండ్లు ఎవరి దగ్గరన్నా కాపీ దొరికితే అదే గొప్ప. 2022 జనవరిలో పీఆర్సీ (వేతన సవరణ) జీఓలొచ్చినప్పుడు మా పెద్దాయన క్యాలిక్యులేటర్ పెట్టుకుని ఒక్కొక్కరి పే స్లిప్ తీసుకుని చూపించినాడు, 27 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి) తీసుకుంటున్నోళ్లకి ఫిట్‌మెంట్, అంటే కొత్త జీతంలో పెంపు, 23 అంటే చేతికొచ్చేదాంట్లో ఏం తేడా వస్తుందో. ఫిబ్రవరి 3న చలో విజయవాడకి అంతమంది బయల్దేరినారంటే ఊరికే కాదు, ఎవరి లెక్క వాళ్లకి అర్థమయింది కాబట్టి.

సచివాలయం పిల్లలకైతే ఇది ఇంకా ముఖ్యం. రెండేండ్ల ప్రొబేషన్ అన్నారు, 2021 అక్టోబర్‌కి అయిపోవాల్సింది, స్కేలు జీతం 2022 జూలై నుంచి గానీ రాలేదు, అన్ని నెలలూ 15 వేలతోనే నెట్టుకొచ్చినారు. మీకు ఏం రావాలో మీకు తెలియకపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు. చైల్డ్ కేర్ లీవ్ 60 నుంచి 180 రోజులకి పెరిగి 2022 నుంచి అమల్లో ఉంటే, మొన్న మా దగ్గరొకామె జీతం నష్టం మీద సెలవు పెట్టుకుని కూచుంది, పాపకి ఆపరేషన్ అయితే! కనుక్కునే దిక్కు లేక. తర్వాత మార్పించినాం అనుకో.

మెమో వస్తే కూడా అంతే, భయంతో "తప్పయింది క్షమించండి" అని రాసిచ్చేస్తారు, అదే రేపు ఒప్పుకోలు అయి కూచుంటుంది. కొన్ని మినహాయింపులు తప్ప ఎంక్వైరీ లేకుండా డిస్మిస్ చెయ్యడానికి రాజ్యాంగం 311వ అధికరణ ఒప్పుకోదు, 1991 సీసీఏ రూల్స్‌లో (క్రమశిక్షణ నిబంధనలు) దేనికేం పద్ధతో ఉంది. సస్పెండ్ చేసినా సగం జీతం లెక్కన భృతి ఇవ్వాల్సిందే, మూడు నెలల్లోపు చార్జ్ మెమో ఇవ్వకుండా సస్పెన్షన్ సాగదియ్యకూడదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. సమ్మె మన ప్రాథమిక హక్కు కాదని కూడా అదే కోర్టు 2003లో తమిళనాడు కేసులో చెప్పింది, అది కూడా మా వాళ్లకి దాచకుండా చెప్తాం. రోడ్డెక్కే ముందు ఏం పోతుందో తెలిసి ఎక్కాలి.

ఆదోని చెల్లీ, రేపు నువ్వు చెయ్యాల్సింది చెప్తా. ఖాళీ చేతుల్తో పోవద్దు, వాళ్ల ఫార్మాటూ వద్దు. నువ్వే ఒక లెటర్ రాస్కో, "ఫలానా తేదీన ఫోన్‌లో విల్లింగ్ లెటర్ ఇవ్వమని చెప్పారు, దానికి సంబంధించిన ఉత్తర్వు కాపీ ఇప్పించగలరు, చూసుకుని నా అభిప్రాయం రాతపూర్వకంగా తెలియజేస్తాను" అని. మర్యాదగా, అంతే. రెండు కాపీలు, టపాలో (కాగితాలు తీసుకునే సీట్లో) ఇచ్చి నీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, స్టాంపు వేయించుకో. ఆ స్టాంపు లేకుండా బయటికి రావొద్దు. కాపీ ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగొచ్చు, మండలం ఆఫీసులో అయితే 5 రూపాయలు, జిల్లా అయితే 10, 30 రోజుల్లో ఇవ్వాలి. ఒక్కదానివే పోకుండా మిగులులో ఉన్న ఆ ఇద్దర్నీ కూడా తీసుకుపో.

తుంగభద్ర_చెల్లి (ఆదోని):
పొద్దున ముగ్గురం పోయినాం. లెటర్ ఇస్తే టపాలో ఆమె స్టాంపు వెయ్యడానికి లోపలికి పొయ్యి అడిగొచ్చింది, పది నిమిషాలు నిలబెట్టినారు, నాకైతే కాళ్లు వణికినాయి, కానీ వేసింది. నిన్న ఫోన్ చేసినాయన బయటికొచ్చి అంత లెటర్లెందుకమ్మా, ఇంకా పైనుంచి రాతపూర్వకంగా ఏం రాలేదు, మేం ముందే లిస్టు రెడీ పెట్టుకుందామని అడిగినాం అన్నాడు. అంటే అసలు ఆర్డరే లేదు! రాత్రంతా నిద్రలేకుండా పడున్నా నేను.

మా ఆయనకి మైదుకూరు అన్న రాసింది చదివి వినిపించినా, ఏం మాట్లాడలేదు. తర్వాత వాళ్ల టీచర్ల సంఘంలో కూడా అడిగినాడంట, గైడ్‌లైన్స్ వచ్చినాక స్పౌజ్ కింద పెట్టుకుందాం, ర్యాంకు సంగతి అప్పుడు కూచుని ఆలోచిద్దాం అన్నాడు. అట్లనే వచ్చేటప్పుడు యూనియన్ సార్‌ని కలిసి 300 కట్టేసినా, ఇన్నాళ్లూ ఎందుకు కట్టలేదని ఒక్క మాట అడగలేదాయన. సోమవారం నా ఎస్సార్ (సర్వీస్ రిజిస్టర్) చూసుకోవడానికి తీసుకుపోతానన్నాడు. ఆరేండ్ల పైన అయినా నేను ఒక్కసారి కూడా చూడలేదు దాన్ని. అందులో ఏమేం చూసుకోవాలి?

పాత_ట్రెజరీ_మనిషి (అనంతపురం):
బాగా చేసినావమ్మా. పుట్టిన తేదీ, చేరిన తేదీ, ప్రొబేషన్ డిక్లేర్ చేసిన ఆర్డర్ నంబరు, 2022 జూలై నుంచి ఇంక్రిమెంట్లు వరసగా పడినాయా లేదా, జనవరిలో 15, జూలైలో 15 ఈఎల్స్ (ఆర్జిత సెలవులు) జమ చేసినారా, నీ కాన్పు సెలవు 180 రోజులు ఎంటర్ అయ్యిందా, సీపీఎస్ (పెన్షన్ పథకం) ప్రాన్ నంబరు, ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా) పాలసీ, నామినీల పేర్లు. ప్రతి ఏడాదికీ సర్వీస్ వెరిఫై చేసినట్టు డీడీఓ, అంటే జీతం బిల్లు పెట్టే అధికారి, సంతకం ఉండాల. పెన్సిల్‌తో రాసిన ఎంట్రీ ఏదన్నా కనపడితే అక్కడే కూచుని ఇంకుతో రాయించి సంతకం పెట్టించుకునే లెయ్, రేపు రా అంటే లెయ్యొద్దు.