డెంగీ సీరం పరీక్షలో వైరస్ పెరుగుదల కనబడడం లేదు: వీరో కణాలే కారణమా?

ప్రశ్న: నమస్కారం. ఒకసారి డెంగీ వచ్చి తగ్గినవారిలోని యాంటీబాడీలు, మరో రకం డెంగీ సోకినప్పుడు ఆ వైరస్‌కే తోడ్పడతాయన్న విషయాన్ని ఎమ్మెస్సీ ప్రాజెక్టులో పరీక్షిస్తున్నాను. డెంగీ-1 సోకి కోలుకున్నవారి సీరాన్ని 1:10 పలచన చేసి, డెంగీ-2 వైరస్‌తో కలిపి వీరో కణాలపై వేస్తే, వైరస్ తగ్గుతోందే తప్ప పెరగడం లేదు. లోపం సీరంలోనా, పద్ధతిలోనా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: సీరాన్ని అనుమానించనక్కరలేదండి, అసలు చిక్కు కణాల ఎంపికలో ఉంది. కోతి మూత్రపిండం నుంచి వచ్చిన వీరో కణాలకు, యాంటీబాడీ తోకను పట్టుకునే ఎఫ్‌సీ గ్రాహకాలు ఉండవు. డెంగీ-1 వల్ల పుట్టిన యాంటీబాడీ డెంగీ-2కు అంటుకున్నా దాన్ని పూర్తిగా నిర్వీర్యం చేయలేనప్పుడు, ఆ జంటను తోక వైపు నుంచి పట్టి లోపలికి లాక్కునేవి మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు. వైరస్ పెరిగేదీ వాటిలోనే. 1960లలో బ్యాంకాక్ పిల్లల్లో డెంగీ రక్తస్రావ జ్వరాన్ని అధ్యయనం చేసిన స్కాట్ హాల్‌స్టెడ్, 1977లో దీన్ని రక్తంలోని తెల్లకణాల్లో చూపించారు. మీరు కె562 కణాలు తీసుకోండి. ఎఫ్‌సీ గ్రాహకం ఉన్న ఈ ల్యుకేమియా కణాలకు యాంటీబాడీ తోడు లేనిదే డెంగీ అంతంతమాత్రంగానే సోకుతుంది కనుక, పెరుగుదల ఉంటే స్పష్టంగా తెలుస్తుంది.

ఇక 1:10 దగ్గరే ఆగకండి. చిక్కటి సీరంలో యాంటీబాడీలు వైరస్‌ను నలువైపులా కప్పేస్తాయి. మరీ పలచనైతే అంటుకునేందుకే చాలవు. పెరుగుదల ఈ రెంటి నడుమే కనబడుతుంది కాబట్టి, నాలుగింతల చొప్పున పలచన చేస్తూ 1:10,000 దాటేదాకా వెళ్లండి. ఈ నడిమి మోతాదు గొట్టానికే పరిమితం కాదు: నికరాగ్వా పిల్లలపై 2017లో వెలువడిన పరిశీలనలో, యాంటీబాడీ స్థాయి 1:21 నుంచి 1:80 మధ్య ఉన్నవారికే తీవ్ర డెంగీ ముప్పు ఎక్కువగా కనిపించింది.

సీరాన్ని 56 డిగ్రీల వద్ద అరగంట ఉంచి, అందులోని కాంప్లిమెంటును (యాంటీబాడీలకు తోడ్పడే రక్త ప్రొటీన్లను) నిర్వీర్యం చేశాకే వాడండి. పెరుగుదల వచ్చి తీరవలసిన పోలికగా, అన్ని డెంగీ రకాలకూ అంటుకునే 4జీ2 యాంటీబాడీని, మరో పక్క డెంగీ ఎరుగని సీరాన్ని పెట్టుకోండి. మన ప్రాంతంలో అలాంటి పెద్దవారు దొరకడం కష్టమే. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (మెదడువాపు) వైరస్ డెంగీకి దగ్గరి చుట్టమే కనుక, ఆ టీకా వేసుకున్నవారి సీరం కూడా పనికిరాకపోవచ్చు.

ప్రశ్న: కృతజ్ఞతలండి. కె562లో పెరుగుదల కనబడితే, రక్తస్రావ జ్వరానికి కారణం ఇదేనని థీసిస్‌లో రాయవచ్చా?

సమాధానం: అలా రాయవద్దు. ఆ పరీక్ష చూపేది వైరస్ ఎక్కువ కణాల్లోకి చేరిందన్న సంగతి ఒక్కటే. రోగిని షాక్‌లోకి నెట్టేది రక్తనాళాల నుంచి ప్లాస్మా కారిపోవడం, అది తర్వాతి మెట్టు. జ్వరం రాగానే మన ల్యాబుల్లో వెతికే, డెంగీ వైరస్‌కు చెందిన ఎన్‌ఎస్‌1 ప్రొటీనే ఇందులో ఒక పాత్రధారి అని 2015లో వెలువడిన అధ్యయనాలు చూపాయి: రక్తనాళాల లోపొర కణాలను పలుచని పొరపై ఒత్తుగా పెంచి, ఎన్‌ఎస్‌1 కలిపితే, ఆ పొర విద్యుత్ నిరోధం గంటల్లోనే పడిపోతుంది, అంటే కణాల కట్టు సడలిందన్నమాట. పైగా, రెండోసారి డెంగీ సోకినవారిలో అత్యధికులకు తీవ్ర రూపం రానే రాదు. కాబట్టి «ఈ సీరం, ఈ పలచనలో, కె562 కణాల్లో డెంగీ-2 సోకడాన్ని ఇన్ని రెట్లు పెంచింది» అన్నంత వరకే రాయండి. వైవాలో నిలబడే వాక్యం అదే.