అప్‌డేట్: మంత్రాల నవల దొరికింది, నిద్ర పోయింది

చందమామ సీరియళ్లలా కట్టిపడేసే మంత్రాల నవల ఏదైనా చెప్పమని పోయిన నెల అడిగాను కదా. మీలో ఒకరు చెప్పిన ఉర్సులా లెగ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ పూర్తిచేశా. 1968 నాటిదనగానే పాతచింతకాయ పచ్చడేమో అనుకున్నా. తప్పయిపోయింది! ఇందులో దేని అసలు పేరు తెలిస్తే దానిమీద పట్టు దొరుకుతుంది. మేకలు కాసిన కుర్రాడు గెడ్, మంత్రాల బడిలో పంతానికి పోయి ఒక నీడని ఈ లోకంలోకి వదిలేస్తాడు. ఆ ఘట్టం రాత్రి ఒంటిగంటకి చదివి, లేచెళ్లి హాల్లో లైటు వేసొచ్చా. ఆఖర్న ఆ నీడని ఏమని పిలుస్తాడో మాత్రం చెప్పను. కథ జరిగే దీవుల పేర్లు మొదట్లో కలగాపులగమే, మ్యాప్ పేజీలో వేలు పెట్టుకునే చదివా. రెండో భాగం ఆర్డర్ పెట్టేశా.